పొదుగు పెట్ట కింద చెయ్యి

కలూదా తన సొంత ఇంట్లోకి వెళ్లేటప్పుడు కూడా గుమ్మం ముందు ఆగి ఒకసారి దగ్గేది. లోపల ఎవరున్నారని? మొగుడు గాత్యో పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క పిల్లి ఆ దగ్గుకు చెవి కూడా కదపదు. అయినా దగ్గాల్సిందే. చెప్పాపెట్టకుండా వెళితే ఎవరికి ఏం చెడుపు తగులుతుందోనని ఆవిడ భయం. ఉరుమంటే భయం, బాతులంటే భయం, పంచాయతీ ఆఫీసులో మోగే టెలిఫోనంటే భయం. సహకార క్షేత్రంలో పొగాకు నారు నాటేటప్పుడు మేస్త్రీ వెనకనుంచి "కలూదా!" అని పిలిస్తే, చేతిలోని నారు కట్ట ఎగిరి పక్క సాలులో పడేది. ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. తనూ నవ్వేది పాపం, నవ్వకపోతే వాళ్లకి కోపమొస్తుందేమోనని.

పిరికిదే గానీ మంచి పనిమంతురాలు. మా బాల్కన్ కొండ కింది ఊళ్లలో ఒకప్పుడు పెళ్లి రజాయి కుట్టాలంటే కలూదానే పిలిచేవాళ్లు. ఉన్ని దూది పరిచినంత సమంగా పరిచి, మీద ఎర్ర పట్టు గుడ్డ వేసి, మధ్యనుంచి అంచులకి కుట్టుకుంటూ వచ్చేది. ఆ కుట్లు లెక్కపెట్టడానికే చుట్టాలు వచ్చేవాళ్లు. గాత్యో పోయాక ఆ పిలుపులు ఆగిపోయాయి. మొగుణ్ణి పోగొట్టుకున్న చెయ్యి పెళ్లికూతురి పక్కమీద పడకూడదట. మొహం మీద ఎవరూ అనలేదు. "ఈసారికి పట్నంలో కొనేశామమ్మా" అన్నారంతే. ఇంకొకరైతే రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్లు. కలూదాకి కోపం కూడా రాలేదు. ఊరంతా అనుమానిస్తోందంటే ఏదో ఉండే ఉంటుందని తనూ తన చేతిని అనుమానించడం మొదలుపెట్టింది. భయస్థులతో ఇదే చిక్కు. ఎవరు ఏ నింద వేసినా తమ కొలతకి సరిపోయిందేమోనని తొడుక్కుని చూసుకుంటారు.

అలాంటి మనిషి పోయి పోయి, క్రిస్మస్‌కి ముందొచ్చే ఇగ్నాత్ పండుగనాడు పక్కింటి వెలీకా గడప తొక్కింది.

ఇగ్నాత్ పండుగ పొద్దున ఇంట్లోకి మొదట ఎవరు అడుగుపెడితే, ఆ ఏడాదంతా ఆ ఇంటికి వాళ్ల పాదమే. అందుకే మంచి పాదమున్న మనిషిని ముందుగానే మాట్లాడుకుని పిలిపించుకుంటారు. వచ్చినవాడు పొయ్యిలో నిప్పు కదిపి, ఎన్ని రవ్వలు లేస్తే అన్ని కోడిపిల్లలు, అన్ని గొర్రెపిల్లలు అని దీవించి, పొయ్యి పక్కన కదలకుండా కూర్చుంటాడు. అతను కుదురుగా కూర్చుంటే ఆ ఇంటి పెట్టలు కూడా గుడ్లమీద కుదురుగా కూర్చుంటాయి. ఆ రోజు ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి ఇవ్వరు. ఇదంతా కలూదాకి తెలియక కాదు. అందరికన్నా ఎక్కువ తెలుసు. ఏటా ఆ రోజున తలుపు గడియ పెట్టుకుని, నీళ్లకి కూడా బయటికి వచ్చేది కాదు. కానీ ఆ ఏడాదే చర్చివాళ్లు క్యాలెండర్ మార్చారు. పండుగలన్నీ పదమూడు రోజులు ముందే వచ్చేశాయి. పెద్దవీధి వాళ్లు కొత్త లెక్క పట్టుకుంటే, కొండవైపు వాళ్లు పాత లెక్క వదల్లేదు. అత్తగారు నేర్పిన లెక్క ప్రకారం కలూదాకి పండుగ ఇంకా దూరంగానే ఉంది. పొద్దున్నే రొట్టె పులియబెట్టడానికి పాత పిండి ముద్ద లేకపోయేసరికి, ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్లి వెలీకా తలుపు తట్టింది. తట్టడమేమిటి, తలుపు తీసే ఉంటే దగ్గి లోపలికి అడుగు కూడా వేసింది.

విధవ, వట్టి చేతులు, పైగా అడగడానికి రావడం. మూడూ ఒక్కసారే. వెలీకా శిలువ గుర్తు వేసుకుంది. ఆ ఇంట్లో కొత్త లెక్క ప్రకారం పండుగ ఇవాళేనని కలూదాకి అప్పుడు తెలిసింది. ఒక్క క్షణం కూర్చున్నా కొంత నయమయ్యేదేమో, అదీ చెయ్యకుండా గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చేసింది.

జనవరిలో వెలీకా మేక నెలలు నిండకుండానే ఈచుకుపోయింది. ఊరుకుంది. ఫిబ్రవరిలో పట్నంలో ఉన్న కూతురు యోర్దాంకాకి నెలలు నిండి మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. వాణ్ణి ఒక చిన్న పెట్టెలో తెచ్చి ఊరి శ్మశానంలో పూడ్చిపెట్టారు. కలూదా ఆ రోజు తన కిటికీ పరదా వెనక నిలబడి చూసింది, వెళ్లే ధైర్యం లేక. ఆనాటినుంచి వెలీకా ఆవిడతో మాట మానేసింది. అంతకు ముందు కంచె మీదుగా ఉల్లికాడలో, గిన్నెడు పెరుగో చేతులు మారుతుండేవి. ఇప్పుడు కలూదా పెరట్లోకి వస్తే వెలీకా లోపలికి వెళ్లి తలుపేసుకునేది. మాటకి ముందు దెబ్బలాడే మనిషి అలా మౌనంగా ఉంటే కలూదాకి ముద్ద దిగేది కాదు.

వసంతంలో వెలీకా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. నేలమాళిగలో గంపలో గడ్డి వేసి, గుడ్లు పెట్టి కూర్చోబెట్టింది. అది తెలిసిన దగ్గరనుంచి కలూదా కంచె ఇవతల చెవులు రిక్కించుకుని రోజులు లెక్కపెడుతూనే ఉంది. పిల్లల కిచకిచ వినపడితే చాలు, గండం గడిచినట్టే.

వినపడలేదు. ఒక శుక్రవారం సాయంత్రం చిక్కుడు తీగలకి పుల్లలు కడుతుంటే, కంచె అవతల వెలీకా గొంతూ, ఎదురింటి స్తోయ్నా గొంతూ వినిపించాయి. స్తోయ్నాకి ఊళ్లో ప్రతి ఇంటి పొయ్యి మీద ఏముందో తెలుసు, తన పొయ్యి సంగతి తప్ప.

"ఇంకా కదల్లేదా వదినా?"

"మూడు వారాలెప్పుడో దాటిపోయాయి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. చప్పుడే లేదు. ఊపితే లోపల నీళ్లలా ఆడుతోంది."

"అన్నీనా?"

"అన్నీ మురిగిపోయాయి. అది మాత్రం లేవనంటోంది దిక్కుమాలింది. తిండి మానేసి ఎముకల గూడైపోయింది. చచ్చినవాటి మీద కూర్చుని తనూ చస్తుంది."

"పాదం వదినా, పాదం! మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నువ్వే మెత్తబడి ఊరుకున్నావ్. మేక కడుపు పోయింది, పసిబిడ్డ పోయాడు, ఇప్పుడు ఇవి. అది వట్టి పాదం కాదు, పక్కింటి కలిమి లాక్కునే రకం. నువ్వు నోరు విప్పకపోతే ఇంకేం పోతుందో చూసుకో."

వెలీకా అంది, "ఆదివారం చర్చి ముందు అందరిలో అడుగుతాను. పేరు పెట్టి అడుగుతాను. నా ఇంటికి ఏం చేశావే అని అడుగుతాను."

కలూదా చేతిలో పుల్ల విరిగింది. ఆ చప్పుడు అవతలికి వినపడిందేమోనని కింద కూలబడిపోయి, చీకటి పడేదాకా చిక్కుడు పాదుల మధ్యే ఉండిపోయింది.

పేరు పెట్టి అడగడమంటే ఆ ఊళ్లో చిన్న మాట కాదు. పక్కవాళ్ల పాడీ, గుడ్లూ, పంటా మంత్రంతో తన ఇంటికి లాక్కునే ఆడదని ఒకసారి పేరుపడితే, చచ్చేదాకా పోదు. ఎగువ పేటలో ఒకామె అలాగే పేరుపడింది. ఆమె బావిలో చేద వేస్తే, తరవాత వచ్చినవాళ్లు మొదటి చేద నీళ్లు పారబోసి తోడుకునేవాళ్లు. పోయినప్పుడు ఆమె పెట్టె మోయడానికి పక్క ఊరినుంచి మనుషుల్ని పిలవాల్సి వచ్చింది. కలూదాకి ఇదంతా భయమే. అయితే దానికి మించిన భయం ఇంకొకటుంది. వెలీకా అన్నది నిజమేనేమో! గాత్యో తన చేతి రొట్టె తింటూ తింటూనే కదా గుండె పట్టుకుని వాలిపోయాడు. ఆ పసివాడు నిజంగా తన కాలివల్లే పోయాడేమో. ఆ రాత్రి పక్కమీద కూర్చుని, దీపం కింద తన అరిచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. చేతుల్లో ఏముంటుంది, సూదిపోట్లు తప్ప.

మర్నాడు పొద్దున కూడలిలోకి సహకారం వాళ్ల బండి వచ్చింది, అట్టపెట్టెల నిండా ఒకరోజు కోడిపిల్లలతో. ఆ కిచకిచ వినగానే కలూదాకి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. గుడ్లు మురిగిపోయినప్పుడు వాళ్లమ్మ వేరే పిల్లల్ని తెచ్చి, పెట్టకి తెలియకుండా కిందికి తోసేది. పెట్ట అవి తన పిల్లలే అనుకునేది. వెలీకా మధ్యాహ్నం దాకా పొగాకు తోటలో ఉంటుంది. తిరిగొచ్చేసరికి పెట్ట కింద పిల్లలుంటే, ఆలస్యంగా పొదిగిందనుకుంటుంది. ఆదివారం ఎవరూ ఎవరి పేరూ ఎత్తరు. ఇంకో ఆశ కూడా ఉంది గానీ, దాన్ని తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు. తన చేతి మీదుగా అవి బతికితే, ఊరు అన్నది అబద్ధమన్నమాట.

పన్ను నొప్పి అని మేస్త్రీకి చెప్పి, దవడకి గుడ్డ కట్టుకుని కూడలికి వెళ్లింది. బండివాడు పిల్లల్ని బుట్టలోకి దోసిళ్లతో పోస్తూ అడిగాడు, "పెట్ట ఉందా పెద్దమ్మా, లేకపోతే నువ్వే పొదుగుతావా?"

"ఉంది నాయనా... ఉందిలే..." అంటూ బుట్ట మీద కొంగులా తలగుడ్డ కప్పేసి, దొంగసొత్తు పట్టుకున్నదానిలా వెనక సందు పట్టింది. కిచకిచలు ఆగవే! ప్రతి ఇంటి ముందూ గట్టిగా దగ్గుకుంటూ నడిచింది, ఆ చప్పుడు కప్పెయ్యడానికి. ఇంటికెళ్లి చిన్న సీసాలో ద్రాక్ష సారా పోసుకుంది. పిల్లలకీ, పెట్ట ముక్కుకీ ఒకే వాసన పులిమితే పెట్ట వేరు చెయ్యదని అమ్మ చెప్పేది. ధైర్యం కోసం తనూ రెండు గుక్కలు తాగింది. ధైర్యం రాలేదు, పైగా గొంతు మండింది.

కంచెలో కుక్క దూరే సందు ఉంది. అందులోంచి బుట్ట ముందు తోసి, వెనక తను దూరింది. గౌను అంచు ముళ్లకి చిక్కుకుని పర్రుమంది. వెలీకా కుక్క తలెత్తి చూసి, తెలిసిన మనిషేలే అని మళ్లీ పడుకుంది. ఎవరూ చూడలేదనుకుంది కలూదా. మనం ఎప్పుడూ అలాగే అనుకుంటాం. ఎదురింటి మేడమీద స్తోయ్నా దుప్పట్లు దులుపుతోంది.

నేలమాళిగకి రాతి మెట్లు దిగాలి. గొళ్లెం ఎత్తితే కిర్రుమంది. వీధి మొత్తానికీ వినపడిందనిపించి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎవరూ రాలేదు. లోపల చీకటి, ఉల్లిపాయల వాసన, ఊరబెట్టిన క్యాబేజీ పీపా వాసన. తలుపు దగ్గరగా వేసింది. సన్నటి వెలుతురు చార నేలమీద పడి, మూలనున్న గంప దాకా వెళ్లి ఆగింది. గంపలోంచి ఒక కన్ను ఆవిడనే చూస్తోంది.

పొదుగు మీదున్న పెట్ట కన్ను రెప్ప వెయ్యదు. మిమ్మల్ని గుర్తుపట్టదు, మీరెవరైనా దానికి ఒకటే. కలూదా మోకాళ్లమీద కూర్చుని జరుగుతూ వెళ్లింది. పెట్ట ఈకలన్నీ విప్పుకుని గంపంత అయింది. లోపలెక్కడినుంచో గుర్రుమనే చప్పుడొకటి మొదలైంది. కోడి గొంతులోంచి అలాంటి చప్పుడొస్తుందని తెలిసినవాళ్లకి కూడా వినగానే వెన్ను జలదరిస్తుంది.

"నేనే అమ్మా, నేనే... కలూదాని..." అంటూ శిలువ గుర్తు వేసుకుని, సారాలో ముంచిన గుడ్డతో దాని ముక్కు తుడవబోయింది. టక్కున పొడిచింది. బొటనవేలి పక్కన చర్మం లేచి రక్తం వచ్చింది. రెండోసారి ఎలాగో ముక్కుకి తడి తగిలించింది. పిల్లల వీపులు కూడా తడితడిగా నిమిరింది. ఇక చెయ్యి కిందికి పెట్టి ఒక గుడ్డు తీసి, దాని చోట ఒక పిల్లని వెనకవైపునుంచి, రెక్క కిందినుంచి తొయ్యాలి. వెనకవైపునుంచే. పెట్టకి కనపడకూడదు. అమ్మ చెప్పినదంతా గుర్తుంది.

గుడ్డు తీసింది. మురిగిన గుడ్డు చేతిలో పగిలితే ఆ కంపుకి ఊరంతా పరిగెత్తుకొస్తుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నేలమీద పెట్టేసరికి చెమట పట్టింది. మొదటి పిల్లని తీసింది. గుప్పిట్లో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. లేక కొట్టుకుంటున్నది తన వేళ్లేనో. సరిగ్గా అప్పుడే బయట ఎక్కడో గేటు టప్పుమంది. కలూదా ఉలిక్కిపడింది. చెయ్యి జారింది. పిల్ల పెట్ట వెనక పడాల్సింది, ముందు పడింది, ఆ వెలుతురు చారలో.

అది లేచి నిలబడి కిచ్‌మంది. పెట్ట మెడ ఒక్కసారి సాగింది. ఒక్క పోటు. అంతే. పిల్ల పక్కకి ఒరిగి, ఒక కాలు రెండుసార్లు విదిలించి ఆగిపోయింది.

కలూదా దాన్ని అరిచేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఊదింది. వేలితో రుద్దింది. మెడ వాలిపోతోంది. ఆవిడకి ఏడుపు రాలేదు, అంత భయమేసింది. నిజమే. వాళ్లు అన్నదంతా నిజమే. మేకా నా వల్లే, ఆ పసివాడూ నా వల్లే, గాత్యో కూడా నా వల్లే. పారిపోదామనుకుంది. ఎంతసేపు అలాగే కూర్చుండిపోయిందో తనకే తెలియదు. బుట్టలో మిగతావి చలికి ఒకదాని కిందికి ఒకటి దూరుతూ అరుస్తున్నాయి. వదిలేస్తే ఇక్కడే చస్తాయి, పెడితే పెట్ట చంపుతుంది. రెండు చావులూ తన ఖాతాలోకే.

బయట అడుగుల చప్పుడు. పరుగులాంటి నడక. "లోపలే ఉంది వదినా, నా కళ్లతో చూశాను, కంచెలోంచి దూరింది!" అది స్తోయ్నా గొంతు. "నువ్వెళ్లు, నేను రాను బాబూ, దాని చూపు పడితే నాకు పడదు!" ఇంకా ఎవరివో రెండు గొంతులు కూడా కలిశాయి.

తలుపు తెరుచుకుంది. వెలుతురుకి అడ్డంగా వెలీకా, చేతిలో పొలం పార. చెప్పులకి ఇంకా పొగాకు తోట మట్టి ఉంది.

కలూదా లేవలేదు. ఒక చేతిలో చచ్చిన పిల్ల, రెండో చేతినిండా రక్తం, దవడకి కట్టు, పక్కన మురిగిన గుడ్డు, సారా వాసన. ఇంతకన్నా మంత్రగత్తెలా ఉండాలంటే ఎవరికైనా కష్టమే. పార ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చుంది.

పెట్ట మళ్లీ గుర్రుమంది. రెక్కలు విదిల్చి లేవబోయింది. పొదుగు పెట్ట బెదిరి లేచిందంటే ఇక కూర్చోదు. వెలీకా చప్పున తలుపు వెనక్కి నెట్టి, వేలు పెదాల మీద పెట్టింది. పార గోడకి ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి కలూదా పక్కన మోకాళ్లమీద కూర్చుంది. అంత పెద్ద మనిషి ఊపిరి చెవి పక్కన వేడిగా తగులుతుంటే, పార కన్నా అదే ఎక్కువ భయమేసింది కలూదాకి.

"ఇవేంటి?" గుసగుసగా అడిగింది వెలీకా.

"పిల్లలు... వెలీకక్కా... నీ పెట్ట కిందకి..."

"తాగొచ్చావా?"

"పెట్టకి పుయ్యడానికి తెచ్చాను... కొంచెం నేను కూడా..."

వెలీకా బుట్ట మీది గుడ్డ తీసి చూసింది. "ఏమే, నా పెట్ట నలుపు. నా పుంజు నలుపు. ఈ పసుపు ముద్దలు నా ఇంట్లో ఎలా పుట్టాయనుకుంటాననుకున్నావే?"

కలూదాకి ఆ సంగతి తట్టనే లేదు. రాత్రినుంచీ భయపడటానికే సరిపోయింది, రంగుల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? "పొదిగాయనుకుంటావని... ఆదివారం నన్ను... " అరిచెయ్యి చాపి చచ్చిన పిల్లని చూపించింది. "చూడక్కా. ముట్టుకున్నాను, పోయింది. నువ్వన్నదే నిజం. నా కాలే. మీ యోర్దాంకా బిడ్డ కూడా..."

"నోర్ముయ్. పెట్ట బెదురుతుంది."

వెలీకా వంగి, పెట్ట కళ్లకి అడ్డంగా తన పెద్ద అరిచెయ్యి పెట్టింది. "ఊఁ. ఇంకోటి తియ్యి."

"నేనా? వద్దక్కా. నువ్వే పెట్టు. నా చెయ్యి వద్దు."

"నేను దీన్ని పట్టుకోవాలా, పిల్లల్ని పెట్టాలా? నాకేం నాలుగు చేతులున్నాయా? తియ్యి అంటుంటే! వెనకనుంచి."

కలూదా ఇంకో పిల్లని తీసింది. కళ్లు మూసుకుని రెక్క కిందికి పోనిచ్చింది. లోపల కాలిపోయేంత వేడి. గుడ్డు తీసి, పిల్లని వదిలి, చెయ్యి వెనక్కి లాక్కుంది. కళ్లు తెరవలేదు. టక్కుమని చప్పుడొస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

"ఇంకోటి" అంది వెలీకా.

ఒకటి తరవాత ఒకటి. బుట్ట ఖాళీ అవుతుంటే నేలమీద మురిగిన గుడ్లు పేరుకున్నాయి. పెట్ట గుర్రుమంటూనే ఉంది. చివరి పిల్ల కూడా లోపలికి వెళ్లాక వెలీకా దాని కళ్లమీద చెయ్యి తీసింది. ఇప్పుడు చూస్తుంది. ఇప్పుడు లేచి ఒక్కొక్కదాన్నీ లాగి పొడుస్తుంది. కలూదా గౌను అంచు నోట్లో కుక్కుకుంది. పెట్ట తల కిందికి దించింది. రెక్క సందులోంచి ఒక పసుపు తల బయటికొచ్చి, సరిగ్గా దాని ముక్కు ముందు ఆగింది. పెట్ట దాన్ని ఒక కన్నుతో చూసింది, తల తిప్పి రెండో కన్నుతో చూసింది.

గుర్రుమనడం ఆగిపోయింది. దాని చోట సన్నగా, తడబడుతూ, కొక్... కొక్... అని వేరే గొంతు మొదలైంది. తల్లులు పిల్లల్ని పిలిచే గొంతు. పెట్ట ఒళ్లంతా కొంచెం పైకి లేపి, మళ్లీ సర్దుకుని, ఆ పసుపు తలని ముక్కుతో మెల్లిగా రెక్క కిందికి నెట్టుకుంది.

వెలీకా భుజాలు వణుకుతున్నాయి. నవ్వుతోందనుకుంది కలూదా మొదట.

"మా పిల్ల వట్టి చేతులతో ఇంటికొచ్చింది కలూదా" అంది వెలీకా, పెట్టనే చూస్తూ. "పాలు పడ్డాయి దానికి. తాగేవాడు లేడు. గుడ్డ గట్టిగా బిగించి కట్టాను, నా చేతులతోనే. ఎవర్నో ఒకర్ని అనాలి కదే. దేవుణ్ణి అనలేను. డాక్టర్లని అంటే నా మాట ఎవరు వింటారు? నువ్వు పక్కనే ఉన్నావు. ఏమన్నా పడతావు."

కలూదాకి ఏమన్నా తప్పయిపోతుందేమోనని భయమేసింది. వెలీకా మోచేతి మీద తన నెత్తుటి చెయ్యి పెట్టి, మరక అంటుకుంటుందని వెంటనే తీసేసింది. వెలీకా ఆ చేతిని పట్టుకుని మళ్లీ అక్కడే పెట్టుకుంది.

"వదినా!" బయటినుంచి స్తోయ్నా కేక. "ఏమైంది వదినా? పలకవేం? దొరికిందా? మేస్త్రీని పిలుచుకు రమ్మంటావా?" వెనక ఇంకా కొన్ని గొంతులు చేరాయి. సగం వీధి అక్కడే ఉన్నట్టుంది. కలూదా మళ్లీ గడ్డకట్టుకుపోయింది. వెలీకా ఒక్కతే అయితే వేరు. ఇంతమంది ముందు ఆ మనిషి ఏమంటుంది? ఆదివారం అనాల్సిన మాట ఇప్పుడే అనెయ్యవచ్చు. ఒక్క మాట చాలు.

వెలీకా మోకాళ్లు పట్టుకుని లేచింది. కొంగులాంటి ఏప్రన్ చివరతో మొహం తుడుచుకుంది. తరవాత వంగి, కలూదా అరిచేతిలోంచి చచ్చిన పిల్లని తీసుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది. పార పట్టుకోకుండానే మెట్లెక్కి, తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. కలూదాకి ఆవిడ వీపు మాత్రమే కనపడుతోంది.

"ఏంటే ఆ అరుపులు? లోపల పెట్టకి పిల్లల్ని కలుపుతున్నాం. మీ గోలకి అది లేచిందంటే మీ ఇంట్లో కూర్చుని పొదుగుతుందా?"

"పిల్లలా?" అంది స్తోయ్నా. "ఎక్కడివి? మరి కలూదా..."

"నేనే రమ్మన్నాను. బండిలోంచి ఒకరోజు పిల్లల్ని తెచ్చి పెట్టమని నేనే అడిగాను."

"నువ్వా? మరి పార పట్టుకుని అంత పరుగు పరిగెత్తావేం?"

"నువ్వు చెప్పిన తీరుకి! నువ్వు మంచినీళ్లు అడిగినా ఊరు తగలబడిపోతున్నట్టే అడుగుతావు. పోండి, పోండి. తోటలో నారు ఎండిపోతోంది."

ఎవరూ కదల్లేదు. స్తోయ్నా గొంతు తగ్గించింది. "కాదు వదినా, ఎవరినైనా పిలుచుకోవచ్చు గానీ... ఆవిడ చేత పెట్టించావా? ఆవిడ చెయ్యి... ఎన్ని పోయాయి?"

నేలమాళిగలో కలూదా కళ్లు మూసుకుంది.

"కలూదాది మంచి చేతివాసి" అంది వెలీకా, వీధంతా వినేలా. "ఒక్కటి కూడా పోలేదు."

ఆ మాట అంటున్నంతసేపూ ఆవిడ కుడిచెయ్యి ఏప్రన్ జేబులోనే ఉంది.